డబ్బు పెడితే నాదం పెరుగుతుందా?



చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని పాటలు వినే కుర్రవాళ్లను కదిలిస్తే ఒక కొత్త మాట వినబడుతుంది. డ్యాక్. ఫోనులో ఉన్న డ్యాక్ మంచిది కాదట, విడిగా ఒకటి కొనుక్కోవాలట. ఏమిటిది? ఫోనులో గాని, సి.డి.లో గాని పాట అంకెల రూపంలో దాగి ఉంటుంది. అంకెలు చెవికి వినబడవు. వాటిని తిరిగి విద్యుత్తు అలలుగా మార్చి హెడ్‌ఫోన్‌కు అందించాలి. ఆ పని చేసే యంత్రమే డ్యాక్. ఈ ప్రసంగంలో దాన్ని కన్వర్టరు అందాం. పాట మోగే ప్రతి ఫోనుకూ, టీవీకీ, కంప్యూటరుకూ ఎక్కడో ఒకచోట ఇది ఉండి తీరాలి. విడిగా అమ్మే పెట్టెల ధర వెయ్యి రూపాయల దగ్గర మొదలై లక్షల దాకా పోతుంది. ధర పెరిగినకొద్దీ సంగీతం కూడా బాగుపడుతుందా అన్నది ఇవాళ్టి ప్రశ్న.

సరుకు చూసి ధర కట్టే ఊరు విరుదునగర్. పప్పులు, మిరపకాయలు, నూనెలు ఇక్కడ ఏ ధర పలికితే దక్షిణాదిన అదే ధర అని పేరు. అలాంటి ఊరికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మదురై దాటి రైల్లో తిరునెల్వేలి వైపు వెళుతుంటే ముందు విరుదునగర్ వస్తుంది, తరువాత సాత్తూరు, ఆ తరువాత కోవిల్‌పట్టి. దారంతా నల్లరేగడి. తమిళులు కరిసల్ అంటారు. ఈ నేలమీద నాయకరాజుల కాలంనుంచీ తెలుగు మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. నాయుళ్లు, రెడ్లు, రాజులు, కంబళత్తార్లు, అరుంధతీయులు, అందరివీను. కన్వర్టరు కథ చెప్పడానికి జపానుకో అమెరికాకో పోయే ముందు ఈ నేలమీదే ఒక చోట ఆగాలి.

ఆ చోటు కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురం. జమీందారులది తెలుగు వంశం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఇక్కడే, ఆయన సమాధి కూడా ఇక్కడే ఉంది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ సంస్థానంలోనే విద్వాంసుడు. పాశ్చాత్యుల వయొలిన్‌ను మన సంగీతానికి తెచ్చి అలవాటు చేసినవాడని చెప్పుకుంటాం. ఆయన దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చు వేయించాడు. ఎట్టయపురం సంస్థానం వారి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, తమిళదేశం నడిబొడ్డున, తెలుగు లిపిలో అచ్చయిన మహాగ్రంథం అది. దాని వెనుక మద్రాసులో ఉండే చిన్నస్వామి ముదలియారుగారి పట్టుదల ఉంది. మన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి కాపాడాలని తపించినవాడాయన.

ఇందులో మనకు కావలసిన సంగతి ఒకటుంది. పాటను సరిగమలుగా రాయడం అప్పటికే ఉంది. అయితే స్వరాన్ని స అనీ రి అనీ రాస్తే ఆ స్వరం ఎలా ఊగిందో, ఎలా జారిందో అందులోకి రాదు. సుబ్బరామ దీక్షితులు కంపితానికి ఒక గుర్తు, స్ఫురితానికి ఒక గుర్తు, నొక్కుకు ఒకటి, రవకు ఒకటి, ఎక్కుజారుకు ఒకటి, దిగుజారుకు ఒకటి పెట్టి ఆ గుర్తులతో సహా అచ్చు వేయించాడు. నాదాన్ని గుర్తులుగా మార్చడం మొదటి మెట్టు. ఆ గుర్తులను చదివి మళ్లీ నాదం చేయడం రెండో మెట్టు. ఇప్పటి యంత్రాలు చేసేదీ సరిగ్గా ఈ రెండు మెట్లే. మొదటి మెట్టులో గమకం గుర్తు పడకపోతే, రెండో మెట్టులో ఎంతటి విద్వాంసుణ్ణి కూర్చోబెట్టినా ఆ గమకం కాగితంలోంచి లేచి రాదు. విద్వాంసుడు తన సొంత గమకం వేయగలడు, అది వేరే సంగతి.

ఈ మాటను పక్కన పెట్టుకుని ముందుకు వద్దాం.

ధర ఎక్కువైతే ధ్వని బాగుంటుందన్న నమ్మకం ఉత్త భ్రమ ఏమీ కాదు. ఒక కాలంలో అది అక్షరాలా నిజం. గ్రామఫోను రోజుల్లో అరిగిన ముల్లు వాడితే ప్లేటు గీరుకుపోయేది. కొత్త ముల్లుకు డబ్బు పెట్టినవాడి ప్లేటు నాలుగు కాలాలు మోగేది. వాల్వు రేడియో వచ్చాక, పెద్ద చెక్కపెట్టె, పెద్ద స్పీకరు ఉన్న ఇంట్లో రేడియో సిలోన్ ఒకలా వినబడేది, చిన్న ట్రాన్సిస్టరు ఉన్న ఇంట్లో మరోలా. పొరుగింటివారి రేడియో మంచిదని వీధి వీధంతా అరుగు మీద చేరేవారంటే అది ఊరికే కాదు.

కోవిల్‌పట్టిలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలంగారిని గుర్తు చేసుకుందాం. 1921లో పుట్టి, రాజరత్నం పిళ్లై దగ్గర శిక్షణ పొంది, 1964లో నడివయసులోనే పోయాడు. 1962లో వచ్చిన ‘కొంజుం సలంగై’ చిత్రంలో ఆయన నాదస్వరమూ మన ఎస్. జానకిగారి గొంతూ పోటీపడి నడిచే పాట వినని తమిళుడు లేడు. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. అదే ఏడు తెలుగులో ‘మురిపించే మువ్వలు’గా వచ్చింది. తెలుగువాళ్లకూ ఆ పాట కంఠస్థమే. ఆ పాటను తొలితరం శ్రోతలు విన్నది ఎలా? మీడియం వేవ్‌లో, షార్ట్ వేవ్‌లో. ఆ ప్రసారాల్లో సెకనుకు అయిదువేల కంపనాలు దాటిన పైధ్వనులు దాదాపు రావు. నాదస్వరంలోని ఆ చీరిక, జానకిగారి ఊపిరి చప్పుడు, అన్నీ దారిలోనే రాలిపోయేవి. అయినా జనం పరవశించారు. ఇక్కడ మంచి యంత్రం కొన్నవాడికి నిజంగానే ఎక్కువ దక్కేది, ఎందుకంటే ప్రతి మెట్టులోనూ ఏదో ఒకటి పోతూ ఉండేది.

1980లలో క్యాసెట్టు వచ్చింది. ప్రతి చిన్న ఊళ్లోనూ ఒక రికార్డింగు సెంటరు వెలిసింది. మీరు పాటల చీటీ రాసిస్తే ఎల్.పి. రికార్డులనుంచి ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. ఏ కంపెనీ టేపు వేయమంటారని అడిగేవారు. చవక టేపు నాలుగు నెలలకే పొడి రాల్చి హెడ్డుకు మకిలి పట్టించేది. మంచి టేపుకు పది రూపాయలు ఎక్కువ పెట్టినవాడు తెలివైనవాడే. మామూలు క్యాసెట్టులో పాటకూ అడుగున వినబడే సన్నని బుస్సుమనే చప్పుడుకూ మధ్య ఉండే ఎడం సుమారు 50 డెసిబెల్ మాత్రమే. అంటే చవకకూ ఖరీదుకూ తేడా చెవిన పడేంత చోటు ఉంది.

మన చెవుల అలవాటు ఈ కాలంలో ఏర్పడింది. తరువాత యంత్రం మారింది, అలవాటు మారలేదు.

ధ్వనిని అంకెలుగా పంపవచ్చునన్న ఆలోచన పాతదే. అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ప్యారిస్‌లో పనిచేస్తూ 1937లో దాన్ని కనిపెట్టాడు. ఎన్ని అంకెలు తీసుకుంటే సరిపోతుందన్న లెక్క నైక్విస్ట్, కొటెల్నికోవ్, షానన్ వంటివారు తేల్చారు. షానన్ వ్యాసం 1949 నాటిది. వినబడే అతి హెచ్చు కంపనానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే అల మొత్తం ఆ కొలతల్లోకి వచ్చేస్తుంది. కొలతకూ కొలతకూ మధ్య ఏదో పోయిందని చాలామంది అనుకుంటారు. మెట్లుమెట్లుగా గీసిన బొమ్మలు చూపించి మరీ చెబుతారు. అది తప్పు. కన్వర్టరు చివర ఉండే వడపోత ఆ మెట్లను మిగల్చదు, నున్నని అల బయటికి వస్తుంది. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వింటుంది, అదీ చిన్నతనంలో. అందుకే సి.డి.కి సెకనుకు 44,100 కొలతలు పెట్టారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు.

ఈ 16 బిట్లను తిరిగి విద్యుత్తుగా మార్చడం ఎంత కష్టమో విరుదునగర్ తక్కెడ మీద పెట్టి చూద్దాం. మీ దగ్గర 16 తూనికరాళ్లు ఉన్నాయనుకోండి. మొదటిది 1 గ్రాము, రెండోది 2, తరువాత 4, 8, 16, ఇలా రెట్టింపవుతూ చివరిది 32 కిలోల 768 గ్రాములు. వీటిలో కావలసినవి తీసి వేస్తే 65 కిలోల దాకా ఏ బరువైనా గ్రాము తేడా లేకుండా తూచవచ్చు. కాని ఒక షరతు. ఆ 32 కిలోల రాయిలో ఒక్క గ్రాము తేడా ఉన్నా లెక్కంతా చెడుతుంది. తొలి కన్వర్టర్లలో రాళ్లకు బదులు విద్యుత్ ధారలు. వాటిని అంత ఖచ్చితంగా సరిచేయాలంటే శ్రమ, ఏరివేత, ఖర్చు. ఫిలిప్స్ కంపెనీ ఒక చిప్పులో బాగా కుదిరినవాటిని ఏరి వాటి మీద కిరీటం గుర్తు వేసి అమ్మింది. ఆ కిరీటానికి అర్థం ఉండేది.

1982 అక్టోబరులో జపానులో సోనీ తొలి సి.డి. ప్లేయరు అమ్మకానికి పెట్టింది. ధర 1,68,000 యెన్‌లు. ఇంత ధర పెట్టినా అందులో కన్వర్టరు ఒక్కటే. ఎడమ చెవికీ కుడి చెవికీ వంతులవారీగా అదే పనిచేసేది. ఫిలిప్స్‌వారు చెవికొకటి చొప్పున రెండు పెట్టారు గాని, అవి 14 బిట్లవే. రెండు రాళ్లు తక్కువ. అయితే వారు మరో ఉపాయం పట్టారు. కొలతను నాలుగింతలు వేగంగా తిప్పి, తప్పును చెవికి అందని పైస్థాయికి నెట్టేశారు. 14 రాళ్ల తక్కెడ 16 రాళ్ల తక్కెడకు తీసిపోలేదు. కన్వర్టర్ల చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా ఉద్దేశం.

ఆ ఉపాయాన్ని చివరంటా లాగితే ఏమవుతుంది? 1980ల చివర ఫిలిప్స్, మత్సుషితా కంపెనీలు అదే చేశాయి. 16 రాళ్లు మానేసి ఒకే ఒక చిన్న రాయిని సెకనుకు లక్షలసార్లు వేస్తూ తీస్తూ సగటున బరువు చూపించడం. ఒకే రాయి అయినప్పుడు దానికీ మరో రాయికీ పొంతన కుదరలేదన్న పేచీ లేదు. ఏరివేత లేదు, కిరీటం లేదు. ఇప్పటి చిప్పుల్లో ఒకటికి బదులు కొద్ది రాళ్లు వాడతారు, సూత్రం మాత్రం అదే. ఖచ్చితత్వం చేతిపనినుంచి లెక్కలోకి మారింది. లెక్కను చిప్పు మీద అచ్చుగుద్దడం చవక. అప్పటినుంచి ధరకూ ధ్వనికీ ఉన్న ముడి వదులవుతూ వచ్చింది.

ఇక చెవులతో పరీక్ష సంగతి. అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మొరాన్ అనే ఇద్దరు సుమారు ఏడాదిపాటు ఒక పరీక్ష నడిపి 2007లో ప్రకటించారు. సి.డి. కంటే చాలా ఎక్కువ అంకెలున్న డిస్కులను ఒకసారి నేరుగా వినిపించారు. మరోసారి అదే ధ్వనిని ఒక సి.డి. రికార్డరులోంచి 16 బిట్లుగా మార్చి, తిరిగి ధ్వనిగా మార్చి వినిపించారు. ఏది ఏదో చెప్పలేదు. శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా సరిచేశారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరైన జవాబు వచ్చింది. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. కొన్ని డిస్కుల మూలాలు అంత గొప్పవి కావని తరువాత విమర్శ వచ్చింది. 2016లో జాషువా రీస్ అనే లండను పరిశోధకుడు ఇలాంటి 18 పరిశోధనలను కలిపి లెక్క వేస్తే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. శిక్షణ పొందినవారికి ఇంకా ఎక్కువ. తేడా బొత్తిగా లేదని అనలేం, అయితే అది వెంట్రుకవాసి. పైగా ఆ తేడా అంకెల సాంద్రతది, పెట్టె ధరది కాదు.

ధర విషయానికి వస్తే, ఆపిల్ కంపెనీ తన పరికరాలకు హెడ్‌ఫోను తగిలించడానికి వేలెడంత తీగముక్క ఒకటి అమ్మింది. అమెరికాలో 9 డాలర్లు. కన్వర్టరు అందులోనే ఉంది. దాన్ని యంత్రాలతో కొలిచినవారు, దాని చప్పుడూ వికారమూ కలిపినా సంగీతం కంటే సుమారు 100 డెసిబెల్ కింద ఉన్నాయని తేల్చారు. మన ఇంట్లో ఫ్యాను తిరుగుతూ ఉంటే, వీధిలో బస్సు పోతూ ఉంటే, అంత లోతుకు వినగలిగే చెవి లేదు.

మరి ఎక్కువ డబ్బు పెట్టే సందర్భమే లేదా? ఉంది, దాచకుండా చెప్పాలి. ఆ తీగముక్క ఇచ్చే వోల్టేజి ఎంతచేసినా ఒక్క వోల్టు. స్టూడియోల్లో వాడే 300 ఓముల పెద్ద హెడ్‌ఫోన్‌కు అది చాలదు, గొంతు నొక్కినట్టు వినబడుతుంది. అక్కడ కావలసింది బలమైన ఆంప్లిఫయరు. ఇంకొకటి, సున్నితమైన ఇయర్‌ఫోన్లకు తగిలించే యంత్రం అవుట్‌పుట్ నిరోధం ఎక్కువైతే స్వరాల పొందిక మారిపోతుంది. హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతుకు మించకూడదని ఇంజనీర్ల వాడుక లెక్క. కంప్యూటరు లోపలి చప్పుళ్లు పాటలోకి చొరబడి గుర్రుమనడం కూడా ఉంది, దానికి విడి పెట్టె మంచి మందే. ఇవన్నీ కొద్ది వేల రూపాయల్లో తీరిపోయే జబ్బులు. ఆ పైన పెట్టిన డబ్బు డబ్బాకు, బరువుకు, మీటలకు, పేరుకు. పేరు సంగతి ఎలా ఉంటుందంటే, 2020 అక్టోబరులో జపానులోని నొబెయొకలో ఆసాహీ కాసీ కంపెనీ చిప్పుల కర్మాగారం అగ్నికి ఆహుతైంది. ఆ చిప్పులోనే అసలు తీపి ఉందని చెప్పి పెట్టెలు అమ్మినవారిలో కొందరు, వేరే కంపెనీ చిప్పు పెట్టి వ్యాపారం కొనసాగించారు.

తేడా స్పష్టంగా విన్నామనేవారు అబద్ధం చెబుతున్నారని నేను అనను. రెండు యంత్రాల్లో ఒకటి రవ్వంత, అంటే డెసిబెల్‌లో అయిదో వంతు గట్టిగా మోగినా అది గట్టిగా ఉందని మనకు తెలియదు, బాగుందనే తోస్తుంది. చేతిలో ఏ పెట్టె ఉందో కళ్లకు తెలిస్తే చెవి కళ్ల మాట వింటుంది. పరీక్షించాలంటే ఇంట్లోనే చేయవచ్చు. రెండింటి శబ్దాన్ని మీటరుతో సమం చేయండి. మీరు వెనక్కి తిరిగి కూర్చోండి. తమ్ముణ్ణో చెల్లెల్నో తమ ఇష్టంవచ్చినట్టు మార్చమనండి. పదిసార్లు చెప్పండి. తొమ్మిది గాని పది గాని సరిపోతే అది గుడ్డిగా తగలడానికి అవకాశం నూటికి ఒకటి. అప్పుడు ఆ పెట్టెకు డబ్బు కట్టడంలో తప్పు లేదు. అయిదో ఆరో వస్తే ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ కొనండి. హెడ్‌ఫోనుకూ హెడ్‌ఫోనుకూ ఉన్న తేడా వినడానికి పరీక్షలే అక్కర్లేదు.

ఇప్పుడు సుబ్బరామ దీక్షితుల దగ్గరికి మళ్లీ రావాలి. రెండో మెట్టు చవకైపోయింది, బాగుపడిపోయింది. మొదటి మెట్టు మాత్రం కాదు. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఇడైసేవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ (1923–2021), కు. అళగిరిసామి (1923–1970) ఇద్దరూ ఇంట్లో తెలుగు మాట్లాడినవారే, తమిళంలో రాసి సాహిత్య అకాడమీ పురస్కారాలు పొందినవారే. అంతటివారికీ ఇంటి తెలుగు నోటిమాటగానే మిగిలింది. ఇక మామూలు ఇళ్ల మాట చెప్పాలా? లిపి రాదు. అవ్వ పాడిన జోలపాట, పెండ్లిలో ఆడవాళ్లు పాడిన పాట, తాత చెప్పిన వలస కథ ఏ పుస్తకంలోనూ లేవు. 1980లలో ఎవరో టూ-ఇన్-వన్‌లో ఎర్రమీట నొక్కి పట్టిన క్యాసెట్టులో ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. ఆ క్యాసెట్టుకు బూజు పడుతోంది, టేపు అతుక్కుంటోంది. పెండ్లిలో ఎవరు సన్నాయి వాయించారో చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు.

కాబట్టి పదివేలో ఇరవైవేలో చేతిలో ఉంటే కన్వర్టరు పెట్టె కంటే ముందు ఆ టేపులను చూడమని నా సలహా. పని తెలిసిన మెకానిక్కు దగ్గర బాగుచేయించిన మంచి క్యాసెట్టు డెక్కు ఒకటి సంపాదించండి. కొత్త బెల్టు వేయించండి, స్పిరిట్టుతో హెడ్డు తుడవండి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ఒక్కొక్క క్యాసెట్టు మోగుతుండగా ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, మాటల్లో సకారం, చకారం ఎక్కడ స్ఫుటంగా వినబడితే అక్కడ ఆపండి. బూజు పట్టిన టేపును ఆడించవద్దు, పని తెలిసినవారికి చూపించండి. అంకెలుగా మార్చడానికి 24 బిట్లలో, సెకనుకు 48,000 కొలతలతో పట్టే మామూలు ఇంటర్‌ఫేసు చాలు. బుస్సుమనే చప్పుడు తీసేయాలని మొదటి నకలు మీద ఏ వడపోతా వాడవద్దు, ఆ చప్పుడుతోపాటు అవ్వ ఊపిరి కూడా పోతుంది. వడపోత వేయాలనిపిస్తే రెండో నకలు మీద వేసుకోండి. నకళ్లు రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. టేపు మొదట్లో ఎవరు పాడుతున్నారో, ఏ ఊరో, ఏ ఏడాదో తెలిసినవారిచేత మాటల్లోనే చెప్పించి అదే ఫైలుకు చేర్చండి. పాత క్యాసెట్టును మాత్రం పారేయకండి.